మోషీ నవ్వులాటలో నా ఏడుపు

మోషీ గురించి చెప్పమని మైకు పట్టుకుని నా ఇంటికొచ్చిన వాళ్ళు ఈ ఏడాదిలో ముగ్గురు. ముగ్గురికీ కాకరకాయ వేపుడు పెట్టి, టీ పోసి పంపించాను గానీ నోరు విప్పలేదు. విప్పితే ఆగదని అంతకుముందు ఓసారి విప్పినప్పుడే తెలిసింది. ఇప్పుడు విప్పుతున్నాను. ఎనభై మూడేళ్ళొచ్చాయి, ఇంకా దాచుకుని ఏం చేసుకోను, ఊరగాయ పెట్టుకోనా?

ముందే ఒక మాట. మోషీ చెడ్డదని నేననను. మా ఊళ్ళో చావు జరిగిన ఇంట్లో కూడా మూడో రోజుకి జనాన్ని నవ్వించగలిగిన మనిషి అదొక్కతే. దాని దగ్గర నాకు కావలసింది ఒకే ఒక్కటి. పదిమంది ముందు నిలబడి, "ఆ రోజు కమాదుని ముంచింది నేనే" అని ఒక్కసారి అనాలి. అరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఒక్క మాట కోసం చూస్తున్నాను.

కమాదు నేనే. ఆ మాటకి పొయ్యి అని అర్థం. అది మా హామే పేరు. నాయనమ్మని మేం హామే అంటాం. ఆవిడ పేరే నాకు పెట్టారు. ఇంట్లో పొయ్యిని, బడిలో మాత్రం హత్సూయెని. మోషీకి బడిలో షిజూయె అని పేరు. బడి గేటు దాటి లోపల అడుగు పెట్టగానే కమాదు చచ్చిపోయి హత్సూయె పుట్టాలి, సాయంత్రం గేటు దాటగానే హత్సూయె చచ్చి కమాదు లేవాలి. రోజుకి రెండు చావులు, రెండు పురుళ్ళు. ఇది నా మాట కాదు, మోషీదే. బాగున్న మాటలన్నీ దానివే, ఏం చేస్తాం.

యుద్ధం అయిపోయి పదేళ్ళు. మా దీవి అమెరికా వాళ్ళ చేతిలో ఉంది. బడంటే సగం గొట్టాన్ని బోర్లించినట్టుండే రేకుల షెడ్డు. అందులో యబికు మాస్టారు. ఆయనా మా పక్క ఊరివాడే, ఆయన అమ్మా మా అమ్మల్లాగే మాట్లాడేది. కానీ బడిలో, యుద్ధానికి ముందు మమ్మల్నేలిన పెద్ద దీవుల భాష తప్ప ఇంకోటి వినపడకూడదు. ఇంటిమాట ఒక్కటి దొర్లిందా, మెడలో చెక్క పడుతుంది. అరచెయ్యంత చెక్క, తాడు కట్టి ఉండేది. దాని మీద "ఇంటిభాష మాట్లాడినవాడు" అని నల్ల సిరాతో రాసి ఉండేది. సాయంత్రం గంటకి అది మెడలో ఉన్నవాడికి అయిదు బెత్తం దెబ్బలు. ఆ చెక్క వదిలించుకోవాలంటే ఒకటే దారి. ఇంటిమాట జారిన ఇంకొకర్ని పట్టుకుని వాళ్ళ మెడలో వెయ్యాలి. అందుకని చెక్క ఉన్నవాడు రోజంతా దొంగపిల్లిలా తిరిగేవాడు. వెనకనుంచి వచ్చి గిల్లేవాడు, కాలు తొక్కేవాడు. నొప్పి పుడితే బడిభాషలో ఎవడేడుస్తాడండీ? "అగా!" అని అరిస్తే చెక్క వచ్చి మెడలో పడేది. ఒకర్నొకరు పట్టిచ్చుకోవడమే మాకు చెప్పిన మొదటి పాఠం.

మోషీకి ఆ చెక్క అంటే లెక్కలేదు. వారంలో నాలుగు రోజులు దాని మెడలోనే ఉండేది. అద్దంలో చూసుకుని "అమెరికా దొరసాని గొలుసు" అనేది. ఓసారి మాస్టారి మేక బడి పక్కన అరిచింది. మోషీ తిన్నగా వెళ్ళి చెక్క తీసి మేక మెడలో వేసి వచ్చింది. మాస్టారు ఊగిపోతూ అడిగారు, "షిజూయె! ఏమిటీ చేష్ట?"

మోషీ చేతులు కట్టుకుని బడిభాషలో, పుస్తకంలో చదువుతున్నట్టు చెప్పింది. "గురువర్యా, ఈ మేక ఇంటిభాషయందు అరచినది. నేను స్వయముగా వింటిని."

ఆ రోజు దాని వీపు మీద వెదురు బెత్తం ఆరుసార్లు పడింది. చెరుకు తోటలో కూర్చుని తడి గుడ్డ వేస్తుంటే నేనేడుస్తున్నాను, అది నవ్వుతోంది. "ఒసే, మేక ఇంకా తీయనే లేదే చెక్క! ఊరంతా తిరుగుతోంది!"

ఇంకోటి చెప్పాలి, చెప్పకపోతే మోషీ ఎవరో మీకు తెలీదు. వానాకాలంలో ఓ పొద్దున మాస్టారి బూటులోకి జెర్రి దూరడం క్లాసంతా చూసింది. ఇంత పొడుగు జెర్రి. చెబుదామంటే జెర్రిని బడిభాషలో ఏమంటారో మాలో ఒక్కరికీ తెలీదు. ఇంటిమాటలో చెబితే చెక్క. నలభైమంది నలభై నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాం. ఒకడు మాత్రం లేచి, "గురువర్యా, తమ పాదరక్షయందు... పెక్కు కాళ్ళు గల... ఒకానొక..." అంటూ ఇంకా వాక్యం పేరుస్తుండగానే ఆయన కాలు పెట్టేశారు.

మాస్టారు గాల్లోకి ఎగిరారు. ఎగిరి, మా పక్క ఊరి సంతలో చేపలమ్మేవాళ్ళు కూడా నలుగురున్నప్పుడు అనని మాటలు, అచ్చమైన ఇంటిభాషలో, ఊపిరి తిప్పుకోకుండా అందుకున్నారు. అప్పుడు మోషీ లేచింది. మెడలో చెక్క తీసింది. రెండు చేతులా పట్టుకుని, నడుము వంచి, పెద్దవాళ్ళకి కానుక ఇచ్చినట్టు మాస్టారి ముందు పెట్టింది.

ఎన్ని దెబ్బలు తిందో నేను లెక్కపెట్టలేదు. కానీ ఊళ్ళో నెలరోజులు అదే మాట. మా హామే అయితే టోఫు కోసం సోయా పాల గుడ్డ పిండుతూ పిండుతూ నవ్వలేక కూలబడిపోయేది. "ఆ పిల్లని ఇటు పంపవే, ఓ గిన్నె గంజి పోస్తాను" అనేది. మోషీకి నాయనమ్మ లేదు. అది పుట్టకముందే పోయింది. వాళ్ళింట్లో తండ్రి, పందులు, అంతే. అందుకని రోజూ మా ఇంటికొచ్చి మా హామే చేతి గంజే తాగేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక నా సంగతి. నాకు అయిదేళ్ళప్పుడు, యుద్ధంలో, కొండగుహలో దాక్కున్నప్పుడు అమ్మ జ్వరంతో పోయింది. నుదుటి మీద వెయ్యడానికి చల్లటి గుడ్డ కూడా లేదు. హామే ఒక్కతే నన్ను బతికించింది. అప్పట్నుంచీ నాకు ఒకటే పిచ్చి. నర్సునవ్వాలి. తొమ్మిదో క్లాసులో జనవరి నెలలో మాస్టారు చెప్పారు, పట్నంలో నర్సు బడికి మా బడినుంచి ఒక్క పిల్లని పంపిస్తామని. మార్కులు చూస్తారు, దాంతోపాటు మార్చి నెలాఖరుదాకా మెడలో ఒక్కసారి కూడా చెక్క పడకూడదు. రోగుల దగ్గర ఇంటిమాట మాట్లాడితే పరువు పోతుందట. రోగులందరూ మా వాళ్ళే, ఆ మాటలు తప్ప వాళ్ళకి ఇంకోటి రాదు, అయినా సరే.

ఆ మూడు నెలలూ నేను మనిషిని కాదు. కాలికి ముల్లు గుచ్చుకుంటే పళ్ళు కొరుక్కునేదాన్ని. ఎవరైనా గిల్లితే నవ్వేదాన్ని. సాయంత్రం చెరుకు తోటలోకి పోయి మోషీ ముందు నోరు విప్పేదాన్ని. బడి పక్కనే ఉన్నా ఆ తోటలో చెక్క చెల్లదని మా ఇద్దరి ఒప్పందం. తోటలో ఏమన్నా పట్టుకోవడాలుండవు. ఆపుకున్న మాటలన్నీ అక్కడ కక్కేసేదాన్ని. నాకు బడిభాష నేర్పింది కూడా మోషీనే. దానికి వచ్చినంత చక్కగా మాస్టారికీ రాదు. రానట్టు నటించేదంతే.

ఆఖరి రోజుకి ముందు సాయంత్రం అది చెరుకు ముక్క నములుతూ అంది, "రేపు గంట కొట్టేదాకా చెక్క నా మెడలోనే ఉంటుంది. నువ్వు హాయిగా పోవే. నర్సువై తిరిగొచ్చి నా పుచ్చుపన్ను సంగతి చూడు."

నేను నమ్మాను. మాది టోఫు చేసే ఇల్లు, బతుకంతా బఠాణీల్లాంటి గింజలు నానబెట్టడమే. నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయని సామెత ఊరికే పుట్టలేదు.

ఆ రోజు మధ్యాహ్నం. ఇంకో పావుగంటలో చివరి గంట. మాస్టారు వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. గేటు వైపునుంచి మోషీ పరుగెత్తుకొచ్చింది. జుట్టు ఊడిపోయింది, మొహం పాలిపోయింది. నా ముందు ఆగి రొప్పుతూ అంది. ఏ భాషలో అందో తెలుసా? తప్పులేని బడిభాషలో.

"హత్సూయె! మీ పితామహి మరుగుచున్న పాలబానలో పడిపోయినది!"

మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. టోఫు కాచే బాన నా నడుమంత ఎత్తుంటుంది. అందులో మరుగుతున్న సోయా పాలు. నాకు ఈ లోకంలో ఉన్నది ఆ ముసలిది ఒక్కతే. "హామే!" అని అరిచాను. ఒక్క మాట. అరిచి గేటువైపు తిరిగాను. వెనకనుంచి తాడు వచ్చి నా మెడలో పడింది.

వెనక్కి తిరిగి చూశాను. ఆవరణంతా నవ్వుతోంది. మోషీ కూడా నవ్వుతోంది. వరండాలో మాస్టారు పుస్తకంలో ఏదో రాశారు.

అయినా ఇంటికి పరుగెత్తాను, ఏమో, నిజమేమోనని. హామే నేలమీద కూర్చుని గుడ్డ పిండుతోంది. వెంట్రుక కూడా కాల్లేదు. నన్ను చూసి, "మెడలో ఏంటే ఆ చెక్క, నిన్నేమైనా సంతలో అమ్ముతున్నారా?" అంది. ఏడుస్తూ అంతా చెప్పాను. చెక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. చదవడం రాదు ఆవిడకి. చూసి, బాన కింద పొయ్యిలోకి తోసేసింది. ఎండిన చెక్క, భేషుగ్గా మండింది. ఆ మంటమీద ఓ విడత టోఫు కూడా దిగింది.

మర్నాడు మాస్టారి ముందు ఒట్టి చేతుల్తో నిలబడ్డాను. చెక్క పడిందన్న తప్పుకి తోడు బడి చెక్కని తగలబెట్టిన తప్పు కూడా చేరింది. నర్సు బడికి ఇంకో పిల్ల పోయింది. మోషీకి ఏమైనా ఒరిగిందా అంటే, బెత్తం దెబ్బలు అయిదు తప్పాయి. అంతకుముందు అలాంటివి అయిదొందలు తిన్న మనిషి అది. ఎందుకు చేసిందో నాకిప్పటికీ తెలీదు. నేనడగలేదు. అది చెప్పలేదు.

ఆ తర్వాత దాని బతుకు దానిది. అమెరికా వాళ్ళ చాకిరేవులో బట్టలుతకడానికి పోయింది. అక్కడ మూడో భాష దొరికింది, ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే. ఓ లావుపాటి సార్జెంటు ఊళ్ళో పెద్దల్ని మర్యాదగా ఎలా పలకరించాలని దాన్ని అడిగాడట. అది ఓ ముక్క నేర్పింది. ఆయన ఆదివారం బూట్లు తుడుచుకుని వచ్చి, మా ఊరి పెద్దకి సెల్యూట్ కొట్టి, గట్టిగా, స్పష్టంగా అన్నాడు, "మా పంది తమకంటే తెల్లగా ఉంటుంది!" ఊరి పెద్ద తిరిగి సెల్యూట్ కొట్టాడు. అది విని నేను కూడా నవ్వాను. ఒంటరిగా, టోఫు బాన దగ్గర కూర్చుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాను. నవ్వినందుకు నామీద నాకే కోపమొచ్చింది.

తోకుజో అనే లారీ డ్రైవర్ని చేసుకుంది, ఇద్దరు ఆడపిల్లల్ని కంది, ఆయన్ని సాగనంపింది. నేను టోఫు చేసుకుంటూ ఇక్కడే ఉన్నాను. నాకూ పెళ్ళైంది, పిల్లలు పుట్టారు, వాళ్ళకి పిల్లలు పుట్టారు. మోషీ రోజూ పొద్దున్నే వచ్చి వేడి టోఫు ఒక ముక్క తీసుకునేది. "ఏమే కమాదూ, బతికే ఉన్నావా?" "ఉన్నానే, నువ్వు చచ్చాక పోదామని ఆగాను." ఇలా ఎన్నేళ్ళో. లోపల మాత్రం రోజూ అనుకునేదాన్ని, ఇవాళ అంటుంది, రేపంటుంది, "ఆ రోజు తప్పు చేశానే" అంటుందని. ఒక్క ముక్క టోఫు, ఒక్క ముక్క మాట. టోఫు పట్టుకుపోయేది, మాట మాత్రం ఇచ్చేది కాదు.

కాలం ఎలా తిరిగిందో చూడండి. ఏ మాట మాట్లాడితే వీపు పగలగొట్టారో, ఇప్పుడు ఆ మాటకి బహుమతులిస్తున్నారు. ఇంటిభాష చచ్చిపోతోందని పైవాళ్ళకి దిగులు పట్టుకుంది. సెప్టెంబరులో ఇంటిభాష రోజని ఒకటి. బడి గోడ మీద రంగురంగుల కాగితం, "మన మాట మాట్లాడదాం!" అని. అదే బడి, రేకులు తీసి సిమెంటు వేశారంతే. నా మనవరాలికి హోంవర్కు ఇచ్చారు, ఇంటిమాటలు పది రాసుకు రమ్మని. పది! చెరుకు తోటలో ఒక్క సాయంత్రం నేను కక్కేసినవి పదివేలుంటాయి.

పోయిన సెప్టెంబరులో కమ్యూనిటీ హాల్లో పోటీ పెట్టారు. ఇంటిభాషలో ఏదైనా కథ చెప్పాలి. మోషీ ఎక్కింది. ఎనభై మూడేళ్ళ మనిషి, ఎర్ర చొక్కా వేసుకుని, కర్ర పక్కన పడేసి మైకు పట్టుకుంది. మేక కథ చెప్పింది. జెర్రి కథ చెప్పింది. జనం పొట్టలు పట్టుకున్నారు. నేను మూడో వరుసలో ఉన్నాను, నేనూ నవ్వుతున్నాను. అప్పుడంది, "ఇంక ఆఖరిది వినండి. తొమ్మిదో క్లాసులో నాకో ప్రాణస్నేహితురాలు ఉండేది."

ఇదుగో, అనబోతోంది అనుకున్నాను. ఇన్నేళ్ళకి, ఇంతమంది ముందు అనబోతోంది. ఏడుపు తన్నుకొచ్చింది, నిజం చెబుతున్నా, సంతోషంతో.

"అది పరుగెత్తుకుంటూ వచ్చింది. జుట్టు విరబోసుకుని వచ్చి నాతో అంటుందీ, 'షిజూయె! మీ పితామహి మరుగుచున్న పాలబానలో పడిపోయినది!' అయ్యో దేవుడా! 'హామే!' అన్నాను. టక్కుమని చెక్క నా మెడలో వేసింది!"

హాలు పగలబడి నవ్వింది. మోషీ ఆగలేదు. ఇంటికి పరుగెత్తిందట. హామే గుడ్డ పిండుతోందట. "నిన్ను సంతలో అమ్ముతున్నారా" అందట. పొయ్యిలో వేసిందట. మా హామే మాట, మా హామే గొంతు, ఆవిడ ముక్కు చీదే తీరుతో సహా దించేసింది. చివర్లో గొంతు తగ్గించి, "ఆ రోజు నేను పోగొట్టుకున్నదేంటో ఆ స్నేహితురాలికి తెలీదు" అంది. నా పక్కనున్న ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మొదటి బహుమతి ఇచ్చారు. దొంగే దొంగా దొంగా అని అరిస్తే చప్పట్లు కొట్టడం నేను అప్పుడే చూశాను.

వారం తిరక్కుండా కువబారా అని ఓ అమ్మాయి వచ్చింది. పెద్ద దీవుల యూనివర్సిటీలో భాషల మీద పని చేస్తుందట. ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. మా మాటని పాత పాటల్లోంచి, రాజుల కాలంనాటి పుస్తకాల్లోంచి నేర్చుకుంది పాపం. గుమ్మంలో నిలబడి వంగి, "దేవిగారికి జయమగుగాక. తమ మందిరమున అడుగిడుటకు అనుజ్ఞ వేడుచున్నాము" అంది. మందిరమంతా టోఫు నీళ్ళు, కాలు జారుతుంది జాగ్రత్త తల్లీ అన్నాను.

మోషీ కథ రికార్డు చేసిందట, మాటలు సరిచూడాలట. చెవులకి గొట్టాలు తగిలించింది. మళ్ళీ మొదట్నుంచీ విన్నాను. అయిపోయాక ఆ పిల్ల నసుగుతూ తన భాషలోకి దిగి అడిగింది, "ఆ స్నేహితురాలు ఎవరని మోషీగారిని అడిగానండి. మీ పేరు చెప్పారు. మీరేమీ అనుకోకపోతే... అలా ఎందుకు చేశారో చెబుతారా?"

అంతే. నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. మోషీని, మోషీ పందుల్ని, దాని ఎర్ర చొక్కాని, దాని ఏడు తరాల్ని ఉతికి ఆరేశాను. నిజం మొత్తం చెప్పాను, దాని నాయనమ్మ అది పుట్టకముందే పోయిందని చెప్పాను. ఎప్పుడో చిన్నప్పుడు విన్న తిట్లు కూడా ఎక్కడినుంచో నాలుక మీదకొచ్చాయి. ఊపిరాడక ఆగి చూస్తే, ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

"అమ్మా! ఇందాక మోషీగారి తండ్రి గురించి ఒకటన్నారే, ఆ మాట మా దగ్గర ఎక్కడా లేదండి! ఇంకొక్కసారి, కొంచెం నెమ్మదిగా అంటారా?"

"నేను నిజం చెబుతుంటే నీకు తిట్లు కావాలా తల్లీ?"

"నిజమైనా కాకపోయినా మాకు మాటే ముఖ్యమండి. మీదీ ఉంచుతాం, ఆవిడదీ ఉంచుతాం. ఒకే కథకి రెండు పాఠాలు, అంటే రెండు రూపాలు, దొరకడం మా అదృష్టం."

నా బతుకు ఒక పాఠమట. మోషీ అబద్ధం ఇంకో పాఠమట. కోపమొచ్చినా ఆ పిల్లనేం అంటాను? టోఫు ముక్క ఇచ్చి పంపించాను. పంపించి, అదే కాళ్ళతో మోషీ ఇంటికి వెళ్ళాను. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు.

అది వరండాలో కూర్చుని నల్లబెల్లం ముక్క చప్పరిస్తోంది.

"ఏమే," అన్నాను, "సిగ్గుందా నీకు? చెక్క ఎవరి మెడలో ఎవరు వేశారే?"

మోషీ నన్ను చూసింది. ఎనభై ఏళ్ళుగా దాని మొహం నాకు తెలుసు. అబద్ధమాడితే ఎంత ముద్దుగా ఆడుతుందో తెలుసు. ఇప్పుడలా లేదు.

"ఇన్నాళ్ళకి అడిగావా," అంది. "నువ్వు వేశావే. నా మెడలో."

"నీకు హామే ఎక్కడిదే? నువ్వు పుట్టకముందే పోయింది కదే!"

"ఆవిడ కాదే. మీ హామే. నాకు గంజి పోసింది ఎవరు? నాకు ఆవిడ తప్ప ఇంకెవరున్నారు? ఆవిడ పాలబానలో పడిందంటే నేను అరవనా?" అది నా మణికట్టు పట్టుకుంది. "ఎందుకు చేశావే నాకలా? తోటలో అంతగా మాటిచ్చి? ఎన్నిసార్లు అడుగుదామనుకున్నానో. పొద్దున్నే టోఫుకొచ్చినప్పుడల్లా నోటిదాకా వచ్చేది."

కళ్ళల్లో నీళ్ళు. నాటకం నీళ్ళు కావు. ఎన్నేళ్ళుగా చెప్పుకుని చెప్పుకుని, మనసులో అటూ ఇటూ తిప్పుకుని తిప్పుకుని, నా ఏడుపు దాని ఏడుపైపోయింది. దానికి గుర్తున్నదే అది. నేను అరిచాను, ఒట్టేశాను, అమ్మ పేరు చెప్పాను, నర్సు బడి గుర్తుచేశాను. అది తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "నీకు మతి తప్పుతోంది కమాదూ" అంది మెల్లగా, జాలిగా. బెల్లం ముక్క నా చేతిలో పెట్టింది. "ఏడవకే. నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను."

ఆ బెల్లం ముక్క దాని గుమ్మంలోనే విసిరికొట్టి వచ్చాను. ఆ రాత్రంతా ఇదే ఆలోచన. అబద్ధమాడే మనిషైతే ఏనాటికైనా ఒప్పుకుంటుంది. దీన్నెలా ఒప్పించను? ఆ రోజు నిజం తెలిసిన వాళ్ళలో మిగిలింది మేమిద్దరమే, అందులో ఒకతె అటు తిరిగిపోయింది. ఇక అది అనదు. కాబట్టి నేనే అనాలి, పదిమంది ముందు. అంతే అనుకున్నాను.

నవంబరులో పట్నంలో పెద్ద పోటీ. దీవి మొత్తం మీద గెలిచిన వాళ్ళందరూ వస్తారు. కువబారా తన కారులో మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్ళింది. దారంతా నేను అనబోయే మాటలు లోపలే వల్లించుకున్నాను. మోషీ వెనక సీటులో కూర్చుని రోడ్డు పక్కన బోర్డుల్ని మూడు భాషల్లో చదివి డ్రైవింగ్ చేస్తున్న పిల్లని నవ్విస్తూనే ఉంది.

అయిదొందల మంది పట్టే హాలు. మోషీ మేక చెప్పింది, జెర్రి చెప్పింది, చెక్క చెప్పింది. ఈసారి చివర్లో చెయ్యి చాపి నావైపు చూపించింది. "అదుగో, ఆ ప్రాణస్నేహితురాలు ఇక్కడే ఉంది! ఇంకా టోఫు అమ్ముకుంటోంది, ఇంకా నాతో మాట్లాడుతోంది!" అయిదొందల తలలు ఇటు తిరిగాయి. దీపం కూడా నామీదకి తిప్పారు.

నేను లేచాను. ఉన్న గొంతంతా పెట్టి, మా ఊరి మాటలో అరిచాను.

"అబద్ధం! వేసింది అదే! చెక్క నా మెడలో వేసింది! బానలో పడిందన్నది మా హామే! దానికి హామేయే లేదు!"

హాలు కప్పు లేచిపోయేలా నవ్వు. జనం ఊగిపోతున్నారు, కుర్చీల చేతులు కొడుతున్నారు. "నర్సు బడి పోయిందయ్యా నాకు! దానివల్లే పోయింది!" అని ఇంకా గట్టిగా అరిచాను. నేను అరిచినకొద్దీ వాళ్ళు ఇంకా నవ్వారు. ఎవరో వెనకనుంచి, "భలే ఉంది బామ్మల జోడీ!" అన్నారు. కువబారా చేతిలో రికార్డరు పట్టుకుని, నాకు అడ్డం రాకుండా పక్కకి జరిగి, చిరునవ్వుతో తలూపుతోంది.

ఎవరో ఇద్దరు పిల్లలు నన్ను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి మోషీ పక్కన నిలబెట్టారు. అయిదొందల మంది లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. మోషీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి దానివి.

"ఎంత బాగా అందుకున్నావే," అంది నా చెవిలో. "వంగు. జనానికి దండం పెట్టాలి."

వంగాను.